కాలేజీ పేరు ఏ ఊరి దాకా వస్తుంది?

ప్రశ్న: నమస్కారం మేడమ్. మాది ఖమ్మం. ఇంటర్ సీఈసీ పూర్తయింది. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష క్లాట్‌లో నాకు వచ్చిన ర్యాంకుతో హైదరాబాద్‌లోని నల్సార్‌లో సీటు రాదు. వేరే రాష్ట్రంలోని ఒక జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో వచ్చేలా ఉంది, హాస్టల్‌తో కలిపి ఏడాదికి 3 లక్షలవుతుంది. ఢిల్లీ దగ్గర ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం సీటు ఇస్తామంటోంది, అక్కడ ఏడాదికి నాలుగున్నర లక్షలు. రాష్ట్ర లా కాలేజీల ప్రవేశ పరీక్ష లాసెట్ కూడా రాశాను. హైదరాబాద్‌లో ప్రభుత్వ కాలేజీలో ఐదేళ్ల కోర్సు దొరకవచ్చు. అక్కడ ఫీజు చాలా తక్కువ, ఉండటానికి పిన్ని వాళ్ల ఇల్లు ఉంది. నాన్న ఆర్టీసీ డిపోలో క్లర్కు. పై చదువు ఏదైనా అప్పు చేయాల్సిందే. హైకోర్టులో వాదించాలని నా కోరిక. స్నేహితులేమో ముంబయి లా ఫర్ముల్లో లక్షల జీతాలంటున్నారు. అమ్మ జడ్జి కావాలంటోంది. బయటి రాష్ట్రంలో చదివితే హైదరాబాద్‌లో పని దొరుకుతుందా? హైదరాబాద్‌లో చదివితే ఢిల్లీ, ముంబయి తలుపులు మూసుకుపోతాయా? ఒక ఏడాది ఆగి క్లాట్ మళ్లీ రాయమంటారా?
– ఒక విద్యార్థిని, ఖమ్మం

సమాధానం:

అమ్మా, మూడు కాలేజీల ఫీజులు లెక్కలతో సహా రాశావు. పాతికేళ్ల వయసులో ఏ ఊళ్లో, ఏ కోర్టులో లేదా ఏ ఆఫీసులో ఉండాలనుకుంటున్నావో మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేశావు. నేను ఆ వాక్యం దగ్గరే మొదలుపెడతాను. ఈ వృత్తిలో ఊరు, చేసే పని ముందు తేలితే కాలేజీ సగం తేలిపోయినట్టే.

లా చదివినవాళ్లకు పని రెండు రకాలుగా దొరుకుతుంది. పెద్ద లా ఫర్ములు, బ్యాంకులు, కంపెనీల న్యాయ విభాగాలు తామే కాలేజీకి వచ్చి మనుషులను ఎంచుకుంటాయి. కోర్టు ప్రాక్టీసు అలా కాదు, నువ్వే వెళ్లి ఒక సీనియర్ ఆఫీసు తలుపు తట్టాలి. మొదటి రకంలో కాలేజీ పేరుకు ఉన్నంత బలం ఇంకే అర్హతకూ ఉండదు. వందల దరఖాస్తులు చదివే ఓపిక లేనివాళ్లు వడపోత పనిని కాలేజీకే వదిలేస్తారు. రెండో రకంలో ఆ పేరు మొదటి పరిచయం వరకు ఉపయోగపడుతుంది. ఆరు నెలలు గడిచాక నువ్వు రాసిన అఫిడవిట్‌లో తప్పులున్నాయా, వాయిదా తేదీ గుర్తుందా, కక్షిదారుతో మర్యాదగా మాట్లాడావా అనేవే చూస్తారు.

ముందు ఆ లక్షల జీతాల సంగతి చూద్దాం. అబద్ధం కాదు. సిరిల్ అమర్‌చంద్ మంగళ్‌దాస్, శార్దూల్ అమర్‌చంద్ మంగళ్‌దాస్, ఖేతాన్, ఏజెడ్‌బీ, ట్రైలీగల్ వంటి సంస్థలు కొత్తగా చేరినవాళ్లకు ఏడాదికి 15 లక్షలకు పైగా ఇస్తాయి. కానీ ఆ ఉద్యోగాలు దేశమంతా సమానంగా పరుచుకుని లేవు. ఎక్కువ భాగం ముంబయి, ఢిల్లీ పరిసరాలు, బెంగళూరులోనే ఉన్నాయి. రిజర్వు బ్యాంకు, షేర్ మార్కెట్లను నియంత్రించే సెబీ, స్టాక్ ఎక్స్ఛేంజీలు, పెద్ద బ్యాంకుల ప్రధాన కార్యాలయాలు ముంబయిలో ఉన్నాయి కాబట్టి కంపెనీల కొనుగోళ్లు, విలీనాలు, షేర్ల జారీ పని అక్కడ పండుతుంది. ఢిల్లీలో సుప్రీంకోర్టు, కాంపిటీషన్ కమిషన్, కంపెనీ లా అప్పిలేట్ ట్రిబ్యునల్, టెలికాం, విద్యుత్ ట్రిబ్యునళ్లు ఉన్నాయి. బెంగళూరుకు సాఫ్ట్‌వేరు, స్టార్టప్ పెట్టుబడులు ఆధారం. హైదరాబాద్‌లోనూ కొన్ని పెద్ద ఫర్ములకు కార్యాలయాలున్నాయి, అయితే చిన్నవి. పైగా కొత్తవాళ్లను నేరుగా ఇక్కడ చేర్చుకోవడం తక్కువ. ముంబయిలోనో ఢిల్లీలోనో మూడు నాలుగేళ్లు చేసి, ఇంటికి దగ్గరగా రావాలనుకునే తెలుగువాళ్లు వాటిని నింపుతుంటారు.

ఇక ఆ ఫర్ములు ఏ కాలేజీల గడప తొక్కుతాయనేది చూడాలి. బెంగళూరు నేషనల్ లా స్కూల్ 1987లో ఏర్పడింది. ఆ నమూనాలోనే భోపాల్, మన నల్సార్, కోల్‌కతా, జోధ్‌పూర్, గాంధీనగర్, ఢిల్లీ వచ్చాయి. ఈ మొదటి వరుస కాలేజీల్లో నాలుగో ఏడాదిలోనే ‘డే జీరో’ పేరుతో ఎంపికలు జరిగిపోతాయి. ఇప్పుడు జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలు ఇరవైకి పైగా ఉన్నాయి. ఇవి కేంద్రం పెట్టినవి కావు, ఆయా రాష్ట్రాల శాసనసభలు చేసిన చట్టాలతో వచ్చినవి. అందుకే పేరు పలక మీద ఒకేలా ఉన్నా ఫీజు, అధ్యాపకులు, గ్రంథాలయం, నియామకాలు ఒకదానికొకటి పొంతన ఉండవు. మొదటి వరుస దాటిన తర్వాత పెద్ద ఫర్ములు తీసుకునేవాళ్ల సంఖ్య మెట్లు దిగినట్టు కాదు, ఒక్కసారిగా పడిపోతుంది. కొన్నిచోట్ల తరగతిలో పైనున్న ఇద్దరు ముగ్గురికి మాత్రమే ఆ అవకాశం వస్తుంది. నీకు వచ్చేలా ఉన్న విశ్వవిద్యాలయం పేరు నువ్వు రాయలేదు. ర్యాంకును బట్టి చూస్తే మొదటి వరుసలోది కాదని అనుకుంటున్నాను.

అలాగని ఆ కాలేజీని కొట్టిపారేయకు. హాస్టల్లో ఐదేళ్లు నీతో పాటు చదివేవాళ్లు పది పదిహేను రాష్ట్రాల నుంచి వస్తారు. పదేళ్ల తర్వాత గువాహటిలోనో జైపూర్‌లోనో ఒక కేసు పడితే ఫోను చేయడానికి మనిషి ఉంటాడు. వాదించే పోటీలు, వ్యాసాలు రాయించే అలవాటు, ఇంగ్లీషులో తడుముకోకుండా మాట్లాడే ధైర్యం అక్కడ ఎక్కువ. అయితే ఇలాంటి కాలేజీలు కొన్ని పెద్ద నగరానికీ హైకోర్టుకూ బాగా దూరంగా ఉంటాయి. తరగతులు నడుస్తున్న రోజుల్లో కోర్టుకు వెళ్లి కూర్చోవడం కుదరదు. ఇంటర్న్‌షిప్ అంతా సెలవుల్లోనే చేయాలి, ప్రతిసారీ ముంబయిలోనో ఢిల్లీలోనో నెలరోజుల గది అద్దె, తిండి, రైలు ఖర్చు. కాలేజీ ప్రాస్పెక్టస్‌లో రాయని ఫీజు ఇది. మీ ఇంట్లో ఎవరూ దీన్ని లెక్కలో వేసుకోలేదని నీ ఉత్తరం చూస్తే అర్థమవుతోంది.

డిగ్రీ ఏ రాష్ట్రంలో చదివావన్నది చట్టం దృష్టిలో అసలు విషయమే కాదు. బార్ కౌన్సిల్ గుర్తింపు ఉన్న ఏ కాలేజీ డిగ్రీతోనైనా వచ్చి తెలంగాణ బార్ కౌన్సిల్‌లో న్యాయవాదిగా ఎన్‌రోల్ (నమోదు) కావచ్చు. దానితో పాటు ఆలిండియా బార్ పరీక్ష ఒకటి ఉంటుంది, అది దేశమంతటికీ ఒకటే. 1961 అడ్వకేట్స్ చట్టంలోని 30వ సెక్షన్ 2011లో అమల్లోకి వచ్చాక, ఒక రాష్ట్రంలో నమోదైన న్యాయవాది దేశంలో ఎక్కడైనా ప్రాక్టీసు చేయవచ్చు. ఎన్‌రోల్‌మెంటు పేరుతో వేలకు వేలు వసూలు చేసే పద్ధతికి కూడా 2024 జులైలో సుప్రీంకోర్టు అడ్డుకట్ట వేసింది. చట్టంలో ఉన్న 750 రూపాయలకు మించి తీసుకోకూడదని చెప్పింది. ఎస్సీ, ఎస్టీలకు అది 125 రూపాయలే. కాబట్టి బయట చదివి హైదరాబాద్ రావడానికి కాగితం మీద ఏ అడ్డూ లేదు.

అడ్డు ఉండేది కాగితం బయట. నల్ల కోటు వేసుకుని హైకోర్టు మెట్లెక్కిన మొదటి రోజు నీకు తెలిసిన మొహం ఒక్కటైనా ఉంటుందా అనేది అసలు ప్రశ్న. సీనియర్లు జూనియర్లను ప్రకటన ఇచ్చి తీసుకోరు. “మా దగ్గర రెండు వేసవులు పనిచేసింది, పిల్ల చురుకైనది” అని ఒకరు ఇంకొకరికి చెప్పే మాటతోనే జరుగుతుంది. ఫైలింగ్ సెక్షన్‌లో కాగితం ఎందుకు వెనక్కి కొట్టారో, ఏ అభ్యంతరాన్ని ఎలా సరిచేయాలో, ఏ కోర్టు హాల్లో మధ్యంతర పిటిషన్లు ఏ వేళకు వస్తాయో పుస్తకంలో ఉండదు. నేను గౌరవించే కొందరు సీనియర్లకు కూడా ఆ విద్య నేర్పింది వాళ్ల ఆఫీసు గుమాస్తాలే. హైదరాబాద్‌లో చదివే అమ్మాయి మూడో ఏడాది నుంచే సాయంత్రాలు ఒక చాంబర్‌కు వెళ్లి కూర్చుంటే, పట్టా చేతికి వచ్చేనాటికి ఆమెకు ఆ కోర్టు న్యాయవాదుల మధ్య రెండేళ్ల వయసు ఉన్నట్టే. దూరంగా చదివిన అమ్మాయి ఆ రెండేళ్లను పట్టా వచ్చాక మొదలుపెట్టాలి. తేడా ఇంతే, కానీ చిన్నది కాదు.

భాష సంగతి ఇంకా ముఖ్యం. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు, హైకోర్టుల పని ఇంగ్లీషులో నడుస్తుంది. కింది కోర్టుల్లో జీవం తెలుగులో ఉంటుంది. సాక్షి తెలుగులో చెబుతాడు, పోలీసులు వాంగ్మూలం తెలుగులో రాస్తారు. భూమి కేసు అయితే పహాణీ, దస్తావేజు, పాసు పుస్తకం, పాత కాగితాల్లో అక్కడక్కడా ఉర్దూ మాటలు. ఈ కాగితాలు చూసి హక్కు ఎక్కడ తెగిందో పట్టుకోగలిగిన జూనియర్‌కు హైదరాబాద్‌లో ఎప్పుడూ పని ఉంటుంది, ఎందుకంటే ఇక్కడి వ్యాజ్యాల్లో చాలా భాగం నేల మీదివే. ఇదే బలం ఢిల్లీ జిల్లా కోర్టుకు వెళ్తే తలకిందులవుతుంది. అక్కడి తీస్ హజారీ కోర్టులో సాక్షిని హిందీలో అడ్డుప్రశ్నలు అడగాలి. బడిలో నేర్చిన హిందీ అక్కడ చాలదు. సుప్రీంకోర్టులో మాత్రం ఈ ఇబ్బంది లేదు. మన హైకోర్టుల నుంచి వెళ్లే అప్పీళ్లలో తెలుగు రికార్డు చదవగలిగినవాళ్ల కోసం ఢిల్లీ ఆఫీసులు వెతుకుతుంటాయి కూడా.

ఢిల్లీ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇది కూడా తెలుసుకో. సుప్రీంకోర్టులో కేసు దాఖలు చేయగలిగేది అడ్వకేట్ ఆన్ రికార్డ్ మాత్రమే. అందుకు నాలుగేళ్ల ప్రాక్టీసు, ఆపైన ఒక అడ్వకేట్ ఆన్ రికార్డ్ దగ్గర ఏడాది శిక్షణ, ఒక పరీక్ష కావాలి. ఆఫీసు కూడా సుప్రీంకోర్టు నుంచి 16 కిలోమీటర్ల లోపల ఉండాలి. అంటే ఢిల్లీని ఎంచుకోవడమంటే ఢిల్లీలో అద్దెలు కడుతూ కొన్నేళ్లు బతకడాన్ని ఎంచుకోవడమే. ఈ మొత్తం ప్రయాణంలో నువ్వు ఏ కాలేజీలో చదివావని ఏ దశలోనూ అడగరు. ముంబయిలో సొలిసిటర్ కావడానికీ ఇలాంటి దారే ఒకటి ఉంది, మూడేళ్లు ఒక సొలిసిటర్ దగ్గర ఆర్టికల్‌షిప్ అనే శిక్షణ చేసి బాంబే ఇన్‌కార్పొరేటెడ్ లా సొసైటీ పరీక్ష రాయాలి.

ఇప్పుడు డబ్బు. నా ఉద్దేశంలో నీ విషయంలో నిర్ణయాన్ని తేల్చేది ఇదే, అందుకే కొంచెం లెక్క వేస్తాను, ఓపిక పట్టు. ఏడాదికి 3 లక్షల చొప్పున ఐదేళ్లకు 15 లక్షలు. పది శాతం వడ్డీకి, పదేళ్ల గడువుకు తీసుకున్నామనుకుంటే నెలవారీ వాయిదా దాదాపు 20 వేలు. అదీ చదివేటప్పుడు వడ్డీని మీ నాన్న ఎప్పటికప్పుడు కట్టేస్తేనే. కట్టలేకపోతే చదువు అయిన ఏడాదికి, అంటే వాయిదాలు మొదలయ్యేనాటికి, సాధారణ వడ్డీ లెక్కనే అసలు మీద మరో 6 లక్షలు చేరుతుంది. 21 లక్షల మీద వాయిదా 27 వేలు దాటుతుంది. ఢిల్లీ దగ్గరి ప్రైవేటు విశ్వవిద్యాలయానికి ఫీజే 22 లక్షలన్నర, దాని వాయిదా నేను వేసి చూపించనక్కర్లేదు.

మరోవైపు, హైదరాబాద్‌లో ఒక సీనియర్ దగ్గర చేరిన కొత్త జూనియర్‌కు నెలకు పది పదిహేను వేలు వస్తే అదృష్టమే. ఏమీ ఇవ్వని ఆఫీసులూ ఉన్నాయి, సిగ్గుచేటే అయినా ఉన్నాయి. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పట్టణాల్లో నెలకు 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు తగ్గకుండా ఇవ్వమని సర్క్యులర్ పంపింది. అది సూచనే తప్ప ఆదేశం కాదు. సూచనలను సీనియర్లు ఎంత శ్రద్ధగా పాటిస్తారో ఏ జూనియర్‌ను అడిగినా చెబుతుంది.

ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడు. నెలకు 20 వేల వాయిదా ఉన్న అమ్మాయి 12 వేలకు జూనియర్‌గా చేరలేదు. హైకోర్టు మీద ఎంత ఇష్టమున్నా మొదటి ఉద్యోగం జీతం ఎక్కువ ఇచ్చేచోటే వెతుక్కోవాలి, అది హైదరాబాద్‌లో దొరక్కపోతే ముంబయికో గురుగ్రామ్‌కో పోవాలి, మూడేళ్లు అనుకున్నది ఏడేళ్లవుతుంది. అప్పటికి కోర్టుకు రావాలంటే మళ్లీ అడుగు నుంచి మొదలు, తనకంటే చిన్నవాళ్ల పక్కన నిలబడి. అంటే ఏ ఊళ్లో బతకాలో నువ్వు తేల్చకపోతే నీ తరఫున ఆ అప్పే తేలుస్తుంది. లా ఫర్ము పని ఇష్టమై వెళ్లేవాళ్లకు ఇందులో బాధేమీ లేదు. నువ్వు ఆ పని గురించి రాసిందంతా స్నేహితులు చెప్పిన మాటే, అందులో నీ మాట ఒక్కటీ లేదు. రోజుకు పన్నెండు గంటలు ఒప్పంద పత్రాల్లో క్లాజులు సరిచూడటం ఇష్టపడేవాళ్లున్నారు, దాన్ని చిన్నచూపు చూడను, నిఖార్సయిన పని అది. నీకు ఇష్టమో కాదో చేరేముందు తెలియాలి.

జాతీయ విశ్వవిద్యాలయం వైపే మొగ్గితే మాత్రం బ్యాంకుకు వెళ్లే ముందు పీఎం విద్యాలక్ష్మి పథకం జాబితాలో ఆ సంస్థ పేరుందో లేదో చూసుకో. ఉంటే పూచీకత్తు లేకుండా రుణం దొరుకుతుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉంటే, 10 లక్షల వరకు రుణం మీద చదువు కాలంలో 3 శాతం వడ్డీ రాయితీకి దరఖాస్తు చేయవచ్చు.

ప్రైవేటు విశ్వవిద్యాలయం గురించి నా మాట సూటిగా చెబుతాను, వద్దు. అక్కడ బాగా చదువుకుని పైకి వచ్చినవాళ్లు లేరని కాదు. మీ ఇంటి పరిస్థితికి ఆ ధర తగదు. వాళ్ల ప్రకటనలో ‘అత్యధిక జీతం’ పెద్ద అక్షరాల్లో వేస్తారు, అది ఒక్క విద్యార్థి జీతం. సగటు జీతమూ మోసం చేస్తుంది, ముగ్గురికి 18 లక్షలొస్తే ముప్పై మంది జీతాలు దాని నీడలో దాక్కుంటాయి. చూడాల్సింది మధ్యస్థ జీతం, అంటే వరుసగా నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవాళ్లకు ఎంత వచ్చిందో అది. ఇంకోటి, మొత్తం తరగతిలో ఎంతమందికి వచ్చిందన్నది. ‘నియామకాలకు నమోదు చేసుకున్నవాళ్లలో 95 శాతం’ అనే మాటలో నమోదు చేసుకోనివాళ్లు మాయమైపోతారు. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల కోసం కాలేజీలు సమర్పించిన వివరాల్లో ఎంతమంది ఉత్తీర్ణులయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మధ్యస్థ జీతం ఎంత, పై చదువులకు ఎందరు వెళ్లారు అన్నవి ఉంటాయి. ర్యాంకు అంకెను పక్కన పెట్టి ఆ పట్టిక చదువు. అందులో లేనిది ఊరు. ఉద్యోగాలు ఏ నగరాల్లో వచ్చాయో కాలేజీనే అడగాలి.

మీ అమ్మ కోరిక సంగతి. జడ్జి ఉద్యోగానికి కాలేజీ పేరుకు విలువ సున్నా. పోటీ పరీక్ష, ఇంటర్వ్యూ, అంతే. 2025 మేలో సుప్రీంకోర్టు సివిల్ జడ్జి పరీక్ష రాయడానికి కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలన్న నిబంధనను తిరిగి తెచ్చింది. అంటే ఆ దారికి కూడా ముందు మూడేళ్లు కోర్టులో నిలబడాలి, ఆ మూడేళ్లూ ఆదాయం తక్కువ. తెలుగు రాష్ట్రాల్లో జడ్జిగా పనిచేయాలంటే తెలుగు రికార్డు అలవోకగా చదవాలి, ఇంగ్లీషులోకి తేవాలి. అమ్మ కోరికా, నీ కోరికా మొదటి మూడేళ్లు ఒకే రోడ్డు మీద నడుస్తాయి. ఇద్దరూ కొట్లాడుకోనక్కర్లేదు.

హైదరాబాద్‌లో చదివితే ముంబయి, ఢిల్లీ తలుపులు మూసుకుపోతాయా అన్నావు. ముందు తలుపు ఇరుకవుతుందన్నది నిజం, ప్రభుత్వ కాలేజీకి పెద్ద ఫర్ములు వచ్చి ఎంపికలు చేయడం అరుదు. పక్క తలుపు తెరిచే ఉంటుంది. మూడు నాలుగేళ్ల అనుభవంతో వచ్చేవాళ్లను తీసుకునేటప్పుడు ఫర్ములు కాలేజీ కంటే చేసిన కేసులు చూస్తాయి. హైదరాబాద్ ఇందుకు చెడ్డ చోటు కాదు. 2016 దివాలా చట్టం కింద దేశంలో మొట్టమొదటి పరిష్కార ప్రణాళికను ఆమోదించింది హైదరాబాద్ కంపెనీ లా ట్రిబ్యునలే, 2017 ఆగస్టులో. ఆ కంపెనీ సినర్జీస్ డూరే, విశాఖపట్నంది. దివాలా కేసులు, మధ్యవర్తిత్వం, ఔషధ కంపెనీల పేటెంట్ వివాదాలు, రెరా (రియల్ ఎస్టేట్) కేసులు, వీటిలో చేయి తిరిగితే ఏ ఊరి ఆఫీసైనా పిలిచి మాట్లాడుతుంది. ఇక హైదరాబాద్‌లోని బహుళజాతి సంస్థల సేవా కేంద్రాల్లో ఒప్పందాలు చూసే న్యాయ ఉద్యోగాలు బాగానే ఉన్నాయి. నీది ఎలాగూ సీఈసీ, చదువుతో పాటు కంపెనీ సెక్రటరీ పరీక్షలు కూడా రాస్తే ఆ దారి వెడల్పవుతుంది. 

కాబట్టి నా సలహా. హైకోర్టు కోరిక నిజంగా నీదైతే హైదరాబాద్ ప్రభుత్వ కాలేజీలో చేరు. అక్కడ లోపాలుంటాయి, తెలిసే చేరు. తరగతులు అన్ని రోజులూ జరగకపోవచ్చు, వాదించే పోటీలకు పంపేవాళ్లు లేకపోవచ్చు, పరీక్షకు ముందు నోట్సు చదివితే గట్టెక్కిపోయే వాతావరణం ఉండవచ్చు. ఆ వాతావరణంలో మునిగితే ఐదేళ్లు వృథా, దానికి హైదరాబాద్ ఏమీ చేయలేదు. నువ్వు ప్రతివారం ఒక తీర్పు పూర్తిగా చదివి ఒక పేజీలో ఇంగ్లీషులో రాయి. మొదటి ఏడాది చెత్తగా ఉంటుంది, రాస్తూ ఉండు. ఐదేళ్ల కోర్సుకు కనీసం 20 వారాల ఇంటర్న్‌షిప్ ఉండాలన్నది బార్ కౌన్సిల్ నిబంధన. చాలామంది తెలిసిన వకీలుతో సంతకం పెట్టించుకుని అయిందనిపిస్తారు. నువ్వు అలా చేయకు. మొదటి వేసవి ఖమ్మంలోనే, జిల్లా కోర్టులో సివిల్ కేసులు చేసే ఒకరి దగ్గర. వకాల్తా వేయడం, నకలు కాపీకి దరఖాస్తు పెట్టడం, పాత దస్తావేజులు చదవడం అక్కడ నేర్చుకోవాలి. తర్వాత హైకోర్టు చాంబర్, ఆ తర్వాత కంపెనీ లా ట్రిబ్యునల్‌లో పనిచేసే ఆఫీసు. నాలుగో ఏడాదిలో ఒక్కసారి ముంబయిలోనో ఢిల్లీలోనో ఫర్ములో ఒక నెల. స్నేహితుల మాటకూ నీ మనసుకూ తేడా అక్కడ తెలిసిపోతుంది.

చాంబర్ ఎంచుకునేటప్పుడు ఇంకో జాగ్రత్త. అక్కడ అంతకుముందు పనిచేసిన మహిళా జూనియర్లతో మాట్లాడు. రాత్రి ఎన్నింటి దాకా ఉంచుతారు, కోర్టులో వాదించనిస్తారా, లేక ఫైళ్లు మోయడానికే పరిమితం చేస్తారా అని నేరుగా అడుగు. ఆడపిల్లలను డ్రాఫ్టింగ్‌కే కూర్చోబెట్టి మగపిల్లలను కోర్టుకు పంపే ఆఫీసులు అన్ని నగరాల్లోనూ ఉన్నాయి.

మీ నాన్నకు ఒక మాట చెప్పు. ఆ 15 లక్షల అప్పు తీసుకోకపోతే డబ్బు మిగిలినట్టు కాదు. అందులో నాలుగో వంతైనా, ఐదేళ్లలో వీలైనంత, నీ పేరున పక్కన పెట్టమను. నువ్వు జూనియర్‌గా ఉండే మొదటి మూడేళ్లకు నెలకు పదివేల చొప్పున అదే జీతం. కోర్టుకు వచ్చి రెండేళ్లలో వెళ్లిపోయినవాళ్లలో తెలివి తక్కువై వెళ్లినవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. ఇంటి అద్దె కట్టలేక వెళ్లినవాళ్లు తగిలారు.

ఒకవేళ ఇంటర్న్‌షిప్‌లూ ఖర్చులూ అన్నీ ఆలోచించుకున్నాక కూడా నీకు కంపెనీ పనే నచ్చుతుందనిపిస్తే, అప్పుడు నా సలహా మారుతుంది. అప్పుడు ఒక ఏడాది ఆగి క్లాట్ మళ్లీ రాయడం అర్థవంతమే, కానీ గురి మొదటి వరుస మీద ఉండాలి. 120 ప్రశ్నల పరీక్షలో ఈసారి ఎక్కడ పోయాయో విప్పి చూసుకో. లెక్కలు, వర్తమాన వ్యవహారాల్లో పోతే ఏడాదిలో సరిచేయవచ్చు. ఇంగ్లీషు చదివే వేగంలో పోతే ఏడాది చాలకపోవచ్చు. ఆగినా ఈ ఏడాది లాసెట్ సీటును వదిలేయకు. హైదరాబాద్‌లో చేరి, మొదటి ఏడాది చదువుతూనే క్లాట్ రాయి. సీటు వచ్చి వెళ్లినా పోయేది ఒక ఏడాది తక్కువ ఫీజే. అయితే చేరేటప్పుడు కాలేజీకి ఇచ్చే అసలు ధ్రువపత్రాలు మధ్యలో మానేస్తే ఏ షరతుల మీద తిరిగి ఇస్తారో ముందే కనుక్కో.

ఆ జాతీయ విశ్వవిద్యాలయానికి ఇప్పుడే ఒక సమాచార హక్కు దరఖాస్తు పెట్టు. అది ప్రభుత్వ చట్టంతో ఏర్పడిన సంస్థ, జవాబు ఇవ్వాల్సిందే. గత మూడు బ్యాచ్‌లలో ఎంతమంది పట్టా పొందారు, ఎందరికి కాలేజీ ద్వారా ఉద్యోగం వచ్చింది, ఏ నగరంలో, మధ్యస్థ జీతం ఎంత అని నాలుగు ప్రశ్నలు చాలు. వాళ్లకు 30 రోజుల గడువు ఉంటుంది కాబట్టి కౌన్సెలింగ్‌లో డబ్బు కట్టే తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుని ఈ వారమే పోస్టు చెయ్యి.